ఇంటి నాణెం వేలానికి వెళ్లే ముందు

(పాత నాణేలను తొలిసారి ఆన్‌లైన్ వేలంలో అమ్మదలచినవారి కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఊరు విడిచి వచ్చినవారి వెంట పొలం రాదు, ఇల్లు రాదు. కొంగుముడిలోనో నడుము సంచిలోనో నాలుగు వెండి రూపాయలు మాత్రం వస్తాయి. కరీంనగర్ ప్రాంతం నుంచి సోలాపూర్, భివండీ మగ్గాల దగ్గరకు చేరిన పద్మశాలి కుటుంబాలలోనూ, పాలమూరు నుంచి ముంబయికి కట్టడాల పనికి వచ్చినవారి ఇళ్లలోనూ చార్మినారు బొమ్మ ఉన్న హాలీ సిక్కా రూపాయి ఇప్పటికీ కనిపిస్తుంది. కోస్తా జిల్లాల నుంచి చెన్నై, బెంగళూరు, బ్రహ్మపురం చేరినవారి పూజామందిరంలో జార్జి చక్రవర్తి రూపాయి పసుపు కుంకుమలతో కూర్చుని ఉంటుంది. మూడు తరాలవారు దానిని డబ్బుగా చూడలేదు. నాలుగో తరం పిల్లవాడు ఒకనాడు ఫోనులో వీడియో చూసి, “ఇలాంటి నాణెం ఉంటే పది లక్షలట నాయనమ్మా” అంటూ పెట్టె తెరుస్తాడు. ఈ ప్రసంగం ఆ పెట్టె తెరిచిన ఇంటి కోసం.

ముందుగా ఆ పది లక్షల సంగతి. వైష్ణోదేవి అమ్మవారి బొమ్మతో, 2012 సంవత్సరం ముద్రతో వచ్చిన 5, 10 రూపాయల నాణేలు సామాన్య చెలామణిలోకి విరివిగా వచ్చినవే. కూరగాయల దుకాణంలో చిల్లరగా చేతికి వచ్చిన నాణేనికి లక్షలు పోసేవారు ఉండరు. అయినా వీడియో చూసినవారు ఆశపడి ఏదో ఒక వెబ్‌సైట్‌లో ఫోటో పెడతారు. గంట తిరగకముందే ఫోను వస్తుంది. అవతలి మనిషి బేరమాడడు, అడిగినంతా ఇస్తానంటాడు. బేరమాడని కొనుగోలుదారును చూసి సంతోషించకూడదు, అక్కడే అనుమానించాలి. మరునాడు రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న ఒక కాగితం వాట్సాప్‌లో వస్తుంది. రిజిస్ట్రేషన్ రుసుము కట్టమంటారు, ఆ తరువాత పన్ను అంటారు, ఆ పైన అనుమతి పత్రం అంటారు. ప్రతిసారీ ఇంకొంచెం కడితే మొత్తం చేతికి వస్తుందనే ఆశ చూపుతారు. ఈ పద్ధతి ఎంతగా పెరిగిందంటే, 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ఒక ప్రకటన చేయవలసి వచ్చింది. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదనీ, అందుకోసం ఎవరి నుంచీ రుసుముగానీ కమిషన్‌గానీ అడగననీ, తన తరఫున వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదనీ అందులో స్పష్టం చేసింది. అసలైన వేలంలో అమ్మేవారు పరాయి మనిషి ఖాతాకు ముందుగా డబ్బు పంపవలసిన అవసరం రాదు. పొరపాటున పంపివేస్తే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. తొలి గంటల్లో చెబితే, ఆ డబ్బు చేతులు మారకముందే నిలిపివేసే అవకాశం ఉంటుంది.

దీనికి తోబుట్టువు వంటిది మరొకటి ఉంది. రామపట్టాభిషేకమో హనుమంతుడో ఒకవైపు, “ఈస్టిండియా కంపెనీ, అర్ధణా, 1818” అని ఆంగ్లంలో మరొకవైపు ఉన్న రాగి బిళ్లలు. కంపెనీవారు మద్రాసు టంకశాలలో విష్ణుమూర్తి బొమ్మతో బంగారు వరహాలు ముద్రించిన మాట నిజమే. ఈ రాగి బిళ్లలు మాత్రం ఏ ప్రభుత్వ టంకశాలలోనూ చెలామణికి తయారైనవి కావు. తరువాతి కాలంలో భక్తులకూ యాత్రికులకూ అమ్మడానికి చేసినవి. పూజలో ఉంచుకోవడానికి అభ్యంతరం లేదు. వేలంలో దానిని కంపెనీ నాణెమని వర్ణిస్తే అమ్మినవారే మోసగాళ్లుగా మిగులుతారు. ఇక బియ్యపు గింజలను లాగే నాణెమంటూ వచ్చేవారి విషయంలో చర్చకే తావులేదు. తెలుగు రాష్ట్రాల పోలీసులు ఈ ‘రైస్ పుల్లింగ్’ ముఠాలపై ఎన్ని కేసులు పెట్టినా కొత్తవారు మోసపోతూనే ఉన్నారు.

ఈ పొగమంచు తొలగిన తరువాత పెట్టెలో అసలు ఏముందో చూడవచ్చు. ఒక నగల త్రాసు, ఒక భూతద్దం, ఒక అయస్కాంతం ఉంటే చాలు. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. 1939 వరకు వచ్చిన రూపాయలలో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి, అంటే సుమారు 10.7 గ్రాములు. 1940 నుంచి 1945 వరకు బరువు అదే అయినా వెండి సగమే. 1947 నాటి పులి బొమ్మ రూపాయి నికెల్‌ది, అయస్కాంతానికి అంటుకుంటుంది, వెండి అంటుకోదు. హాలీ రూపాయి కల్దారు రూపాయి కన్నా తేలిక, 11.18 గ్రాముల దగ్గర తూగుతుంది. వెండి కూడా నూటికి 82 పాళ్ల లోపే. చాలాకాలం నలిగిన నాణెం కొద్దిగా తగ్గడం సహజం, ఒక గ్రాము తగ్గితే మాత్రం ఆలోచించాలి. ఈ లెక్కకు ఆనాటి వెండి ధర కలిపితే ఏ నాణేనికైనా అడుగు ధర తెలిసిపోతుంది. అంతకన్నా తక్కువకు పోకుండా కాపాడేది ఈ చిన్న లెక్కే.

అడుగు ధర పైన ఎంత అనేది వయస్సును బట్టి ఉండదు. ఇక్కడే కొత్తవారు ఎక్కువగా పొరబడతారు. 1918 నాటి రూపాయికి నూరేళ్లు దాటాయి, కానీ అది అరుదు కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండి కరువై, ఆ ఏడాది అమెరికా ఒక ప్రత్యేక చట్టం చేసి ఇరవై కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించి, ఆ లోహాన్ని భారతదేశపు రూపాయల కోసం బ్రిటన్‌కు అమ్మింది. ఆ రోజుల రూపాయలు కోట్లలో వచ్చాయి, ఇళ్లలో కోట్లలోనే దాగాయి. 1911 రూపాయి కథ వేరు. అయిదవ జార్జి అంగీపై ఉన్న ఏనుగు తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా ఉందని జనంలో అలజడి రేగింది. ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కు తీసుకుని, 1912లో బొమ్మ దిద్దించి మళ్లీ ముద్రించింది. అందుకే 1911 రూపాయికి సేకర్తల దగ్గర ఎక్కువ మన్నన. ఇక 1939 రూపాయి అందరూ వెతికేదే. వెతికేవారు ఎక్కువైనందువల్లనే 1938లోని చివరి అంకెను 9గా చెక్కిన నకిలీలు కూడా తిరుగుతున్నాయి. తన దగ్గర 1939 ఉందని తెలిసినవారు సంబరపడేముందు ఆ అంకెను భూతద్దం కింద చూడాలి, నిపుణుని చేత కూడా చూపించాలి.

హాలీ రూపాయిల మీద సంవత్సరం చదవడంలో మరో తమాషా ఉంది. పారసీ అంకెలు చదవగలిగినవారు 1330 అని చూసి, ఏడు వందల ఏళ్ల నాటి నాణెమని ప్రకటన ఇస్తారు. అది హిజ్రీ సంవత్సరం. క్రీస్తు శకంలో 1911-12 అవుతుంది. మరికొందరు 92 అనే అంకెను చూసి తొంభై రెండో సంవత్సరం అనుకుంటారు. అది ప్రవక్త పేరులోని అక్షరాల విలువలు కూడితే వచ్చే సంఖ్య, తేదీ కాదు. చార్మినారు ద్వారంలో ‘మీమ్’ అక్షరం ఉంటే మహబూబ్ అలీఖాన్ కాలం, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీఖాన్ కాలం. ఇంతమాత్రం సరిగా రాస్తే, అమ్మే మనిషి తెలిసినవాడని సేకర్తకు నమ్మకం కలుగుతుంది. హైదరాబాద్ సైఫాబాద్‌లోని పాత టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఒక పూట అక్కడ గడిపితే ఇంటి నాణెం వెనుక కథ కళ్లకు కడుతుంది.

ఇప్పుడు అతి ముఖ్యమైన మాట. అమ్మదలచిన నాణేన్ని తోమకూడదు.

తెలుగువారి ఇంట ఈ నిషేధం పాటించడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. శ్రావణ శుక్రవారానికి ముందురోజు చింతపండు, ముగ్గు, విభూతి పట్టించి వెండి సామానుతో పాటు రూపాయి బిళ్లను కూడా మిలమిల మెరిపించడం భక్తిలో భాగం. సేకర్త కంటికి ఆ మెరుపే దెబ్బ. వెండిపై కాలం పట్టించిన ఛాయ, నల్లదనంలో దాగిన నీలి పసుపు మెరుగు, రాజు గడ్డంలోని సన్నని గీతలు, వీటికోసమే అతడు ధర పెడతాడు. ఒక్కసారి గట్టిగా రుద్దితే ఆ పైపొర పోయి, వెలుతురులో తిప్పినప్పుడు వందల సన్నని గీకులు కనిపిస్తాయి. వాటిని మాపే ఉపాయం లేదు. బొమ్మ చెక్కుచెదరని నాణెం కూడా తోమిన తరువాత నలిగిన నాణెం ధరకు జారిపోవచ్చు. అమ్మాలనుకున్న రోజున “కాస్త శుభ్రం చేసి ఫోటో తీద్దాం” అనే ఆలోచనే చాలా ఇళ్లలో మొదటి నష్టం. కుంకుమ అంటి ఉంటే కుళాయి నీటిలో ముంచి, రుద్దకుండా, మెత్తని గుడ్డపై ఆరనివ్వడమే హద్దు. అంచులు పట్టుకోవాలి తప్ప బొమ్మపై వేలు పెట్టకూడదు. మెత్తని ప్లాస్టిక్ కవర్లలో ఏళ్ల తరబడి ఉంచితే పచ్చని జిగురు పడుతుంది. నాణేల కోసమే చేసిన అట్ట చట్రాలు చవకగానే దొరుకుతాయి.

గొలుసులో వేసుకున్న నాణేల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కంసాలి టంకం పెట్టి కొండి అతికించిన రూపాయి, చిల్లు పొడిచిన రూపాయి, సేకర్తకు దెబ్బతిన్న నాణేలే. కొండి ఊడదీయించి అంచు అరగదీయించినా అనుభవజ్ఞుల కన్ను తప్పించుకోలేదు. అటువంటివి చాలావరకు వెండి ధరకే పోతాయి. అమ్మమ్మ మెడలోని కాసుల దండ వెండి ధరకు అమ్ముడుపోయేదైతే, దానిని వేలానికి పంపడం కన్నా ఇంట్లోనే ఉంచుకోవడం మేలేమో ఆ కుటుంబమే ఆలోచించుకోవాలి. వారసులు నలుగురుంటే నలుగురి సమ్మతి వేలానికి ముందే, వీలైతే కాగితంపై, తీసుకోవాలి. పాట ముగిసిన తరువాత చెల్లెలు అడ్డుచెబితే నాణెం వెనక్కు రాదు, మాట పోతుంది.

ఫోటోల విషయంలో పగటి వెలుతురు, కిటికీ పక్కన, తెల్లకాగితం మీద, బొమ్మ ఒకటి, బొరుసు ఒకటి, అంచు ఒకటి. ఫోనులో రంగులు దిద్దే సదుపాయాలేవీ వాడకూడదు. బరువు, వ్యాసం, సంవత్సరం, టంకశాల గుర్తు రాయాలి. స్వాతంత్ర్యం తరువాతి నాణేలైతే సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం ఆకారం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. లోపాలను మొదటి వాక్యంలోనే చెప్పాలి: “ఒకప్పుడు తోమినది”, “అంచున చిన్న గాటు”, “కొండి తీసిన ఆనవాలు ఉంది”. దీనివల్ల ధర తగ్గుతుందని కొత్తవారు భయపడతారు. తగ్గేది కొంచెమే. దాచిపెట్టి అమ్మితే నాణెం తిరిగి వస్తుంది, డబ్బు తిరిగి పోతుంది, వేదికపై చెడ్డపేరు మిగులుతుంది. “అత్యంత అరుదైన”, “ఒకే ఒక్కటి” వంటి మాటలు సేకర్తలను దూరం చేస్తాయి. ఏ తరగతి నాణెమో తేల్చి చెప్పే అనుభవం లేనప్పుడు తరగతి రాయకపోవడమే మంచిది. స్పష్టమైన ఫోటో ఆ పని చేస్తుంది.

ఎక్కడ అమ్మాలనే ప్రశ్నకు విదేశీ పుస్తకాల సలహాలు ఇక్కడ అంతగా పనికిరావు. వాటిలో ఎక్కువగా వినిపించే ఈబే తన భారతీయ వేదికను 2018లోనే మూసివేసింది. ముంబయి, బెంగళూరు, అహ్మదాబాద్ వంటి నగరాలలో నాణేల వేలం సంస్థలు ఆన్‌లైన్‌లో పాటలు నిర్వహిస్తున్నాయి. లైసెన్సు, చిరునామా, గత వేలాల ఫలితాలు బహిరంగంగా చూపే సంస్థనే ఎంచుకోవాలి. ఆ ఫలితాలే విలువైన పాఠ్యపుస్తకం. ప్రకటనలలో అడిగే ధర ధర కాదు. పాట ముగిసి ఎవరో నిజంగా చెల్లించినదే ధర. అదే సంవత్సరం, అదే టంకశాల, దాదాపు అదే స్థితిలో ఉన్న నాణేలు గత ఏడాదిలో ఎంతకు పోయాయో అయిదారు ఉదాహరణలు రాసుకుంటే ఆశ నేలకు దిగుతుంది, భయమూ తగ్గుతుంది. మద్రాస్ కాయిన్ సొసైటీ, ముంబయి కాయిన్ సొసైటీ వంటి సంఘాల సభ్యులకు ఒకసారి నాణెం చూపించడం కూడా ఉపకరిస్తుంది. చూపించడం వేరు, వదిలిపెట్టి రావడం వేరు. నాణెం ఎవరికైనా అప్పగిస్తే ఫోటోతో, బరువుతో రసీదు తీసుకోవాలి.

ఖర్చుల లెక్క ముందే వేసుకోవాలి. ఉదాహరణకు పాట 20,000 రూపాయల దగ్గర ఆగింది, అమ్మేవారి కమిషన్ నూటికి పది అనుకుంటే 2,000 పోతుంది. ఆ కమిషన్‌పై 18 శాతం జీఎస్టీ 360. చేతికి వచ్చేది 17,640. కొనేవారి దగ్గర సంస్థ విడిగా వసూలు చేసే మొత్తం కూడా ఉంటుంది, దానిని మనసులో పెట్టుకునే వారు పాట పాడతారు. అమ్ముడుపోకపోతే రుసుము ఉందా, డబ్బు ఎన్ని రోజులకు ఇస్తారు, కనీస ధర పెట్టుకునే వీలుందా అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు లేకుండా నాణెం పంపకూడదు. ప్రారంభ ధర మరీ ఎక్కువ పెడితే మొదటి పాటదారే రాడు; తక్కువకు మొదలుపెట్టి కనీస ధరతో రక్షణ ఏర్పరచుకోవడం మేలు. పాట చివరి నిమిషాల దాకా కదలకపోవచ్చు, కంగారుపడనక్కరలేదు; ఆన్‌లైన్ వేలాలలో ఎక్కువ పోటీ ముగింపు ఘడియల్లోనే ఉంటుంది. బావమరిది చేత దొంగపాట పాడించి ధర పెంచడం మాత్రం మోసమే. పైగా చివరి పాట బావమరిదిదే అయితే నాణెం ఇంట్లోనే ఉంటుంది, రెండు వైపులా కమిషన్ పోతుంది.

తొలిసారి అమ్మేవారు పెట్టెలోని మేలైన నాణెంతో మొదలుపెట్టకూడదు. సామాన్యమైన 1918 రూపాయి ఒకటి పంపి, ఫోటో మొదలు డబ్బు చేతికి వచ్చేదాకా మొత్తం దారి ఒకసారి నడిచి చూడాలి. తప్పు జరిగితే చిన్న నష్టంతో పోతుంది.

చట్టం గురించి కొన్ని మాటలు తప్పవు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దానిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు; ఎగుమతి నేరానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు. అందువల్ల విదేశంలో ఉన్న కొనుగోలుదారు, అతడు సొంత మేనల్లుడే అయినా సరే, ఎంత మంచి ధర చెప్పినా 1918 రూపాయిని పార్సెల్‌లో పంపకూడదు. పురావస్తువుల అమ్మకాన్ని వ్యాపారంగా చేయదలచినవారికి లైసెన్సు కావాలి. ఊళ్లోని పొలంలో దుక్కి దున్నుతుంటే దొరికిన కుండలోని నాణేలు ఇంటి నాణేలు కావు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. అన్నదమ్ములు ఊరి నుంచి అటువంటివి పంపి నగరంలో అమ్మిపెట్టమంటే సున్నితంగానైనా కాదనవలసిందే.

పన్ను విషయంలో “పూజలో పెట్టినది కదా, దానికి పన్నేమిటి” అనే మాట తరచుగా వినబడుతుంది. 1976లో ఒక మాజీ సంస్థానాధీశుని వ్యాజ్యంలో ఈ ప్రశ్నే సుప్రీం కోర్టు ముందుకు వచ్చింది. లక్ష్మీపూజలో వాడే బంగారు సవరన్లు, వెండి రూపాయలు సొంత వాడుక సామగ్రి కిందికి రావని కోర్టు తీర్పు చెప్పింది. అంటే అమ్మితే వచ్చే లాభం మూలధన లాభమే. తాత నుంచి వచ్చిన నాణేనికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపుకునే వీలుంది. పెద్ద మొత్తం వస్తే వేలం రసీదు తీసుకుని ఆడిటరు దగ్గరకు వెళ్లడం మంచిది.

ఇక డబ్బు, పంపకం. డబ్బు ఖాతాలో పడటానికి పిన్ నొక్కనవసరం లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనవసరం లేదు. చేయమన్నవాడు డబ్బు తీసుకోవడానికే వచ్చాడు. చెల్లించినట్టు పంపిన స్క్రీన్‌షాట్‌ను నమ్మకుండా బ్యాంకు ఖాతాలో చూసిన తరువాతే నాణెం కదలాలి. చాలా కొరియర్ సంస్థల నిబంధనలలో నాణేలకూ నగలకూ పూచీ ఉండదు, ఆ కాగితం చదవాలి. పోస్టాఫీసులో బీమా చేయించి పంపడం నయం. నాణెం బరువు తూచడం నుంచి పెట్టెకు టేపు వేయడం వరకు ఒకే వీడియోగా తీసి ఉంచుకోవాలి. పెట్టెపైన నాణెం అని రాయకూడదు. అట్ట చట్రంలో పెట్టి, రెండు మందపాటి అట్టల మధ్య బిగించి, టేపు వేసేముందు చెవి దగ్గర పెట్టి ఊపి చూడాలి. లోపల గలగల వినిపిస్తే మళ్లీ విప్పి కట్టాలి.